గేజ్ చెప్పిన వాక్యూమ్, అయాన్ చెప్పిన వాక్యూమ్: ఒక పెనింగ్ ట్రాప్ కేస్ స్టడీ

పెనింగ్ ట్రాప్ అంటే అయాన్లను అయస్కాంత, విద్యుత్ క్షేత్రాలతో బంధించి వాటి ద్రవ్యరాశిని కొలిచే పరికరం. అందులో కొలత పాడైతే ముందు అయస్కాంత క్షేత్రాన్ని అనుమానిస్తాం. తర్వాత ఎలక్ట్రోడ్ల వోల్టేజీలను, ఆ తర్వాత అయాన్ల సోర్సును. వాక్యూమ్ వంతు అన్నిటికంటే చివర వస్తుంది, ఎందుకంటే పీడనం చూపే గేజ్ మీద మంచి అంకె కనిపిస్తూ ఉంటుంది. ఈ కేసులో అసలు విషయం ఆ అంకె వెనకే దాగి ఉంది. ఎక్కువ ఆవేశమున్న అయాన్లతో పని మొదలుపెట్టే విద్యార్థులకు ఇది వివరంగా చెప్పాలని చాలా కాలంగా ఉంది. ఇది విదేశంలోని ఒక ప్రయోగశాలలో జరిగింది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరు అనేవి వదిలేస్తున్నాను. పరికరాన్ని గుర్తుపట్టే వీలున్న అంకెలను గుండ్రంగా మార్చాను.

నేపథ్యం

పెనింగ్ ట్రాప్‌లో అయాన్ అయస్కాంత క్షేత్రం చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడు ఫ్రీక్వెన్సీ ఆవేశానికి, క్షేత్ర బలానికి అనులోమంగా, ద్రవ్యరాశికి విలోమంగా ఉంటుంది. ఫ్రీక్వెన్సీ తెలిస్తే ద్రవ్యరాశి తెలిసినట్టే. 4 టెస్లా క్షేత్రంలో రుబీడియం-85 అయాన్‌కు ఒకే ఆవేశం ఉంటే అది సుమారు 0.72 మెగాహెర్ట్జ్‌తో తిరుగుతుంది. 13 ఎలక్ట్రాన్లు తీసేస్తే అదే అయాన్ 9.4 మెగాహెర్ట్జ్‌తో తిరుగుతుంది. ఒక సెకను గమనిస్తే రెండింటిలోనూ రెసొనెన్స్ వెడల్పు సుమారు ఒక హెర్ట్జే. అదే ఒక హెర్ట్జ్ అనిశ్చితి 9.4 మెగాహెర్ట్జ్‌లో 13 రెట్లు చిన్న భాగం అవుతుంది. ఎలక్ట్రాన్లు తీయడానికి ఇంత శ్రమ పడేది ఈ లాభం కోసమే.

ఈ దారిలో గొప్ప కొలతలు వచ్చాయి. వాంకూవర్‌లోని ట్రయంఫ్ ప్రయోగశాలలో టైటాన్ బృందం 65 మిల్లీసెకన్ల అర్ధజీవితమే ఉన్న రుబీడియం-74ను 8+ ఆవేశంతో, అంటే ఎనిమిది ఎలక్ట్రాన్లు తీసేసి, కొలిచింది. హైడెల్‌బర్గ్‌లోని పెంటాట్రాప్ బృందం 2020లో 29+ రీనియం అయాన్‌లో సుమారు 202 ఎలక్ట్రాన్‌వోల్టుల ఎత్తున ఉన్న ఒక ఎలక్ట్రానిక్ స్థితిని, ఆ కాస్త శక్తి వల్ల పెరిగిన ద్రవ్యరాశిని తూచి పట్టుకుంది. మొత్తం అయాన్ ద్రవ్యరాశితో పోలిస్తే ఆ తేడా పదుల కోట్లలో ఒక వంతు. మొదటి ప్రయోగంలో అయాన్ ట్రాప్‌లో ఉండాల్సింది కొన్ని పదుల మిల్లీసెకన్లే. రెండో దానిలో చాలా ఎక్కువసేపు ఉండాలి, అందుకే ఆ ట్రాప్ ద్రవ హీలియం ఉష్ణోగ్రతలో పనిచేస్తుంది. మా కేసు ఈ రెండింటికీ మధ్యలో ఇరుక్కుంది.

ఇబ్బంది ఎక్కడంటే, 13 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న అయాన్ దగ్గరికి వచ్చిన ఏ అణువు నుంచైనా ఒక ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. హైడ్రోజన్ అణువులో ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచేది 15.4 ఎలక్ట్రాన్‌వోల్టులే, దాన్ని లాగడానికి 13+ అయాన్‌కు గట్టిగా తగలాల్సిన పని కూడా లేదు. దీన్నే చార్జ్ ఎక్స్ఛేంజ్ అంటాం. ఒక్కసారి జరిగిందా, 13+ కాస్తా 12+ అయిపోతుంది. దాని ఫ్రీక్వెన్సీ ఎనిమిది శాతం దాకా మారిపోతుంది, అది ఇక మనం కొలవాలనుకున్న అయాన్ కాదు.

సమస్య

గది ఉష్ణోగ్రతలో నడిచే ట్రాప్ అది. అయాన్లు ముందు హీలియం వాయువుతో చల్లబరిచే రేడియో ఫ్రీక్వెన్సీ కూలర్‌లోంచి, తర్వాత ఎలక్ట్రాన్ బీమ్ అయాన్ ట్రాప్‌లోంచి వచ్చేవి. ఈ రెండోదాన్ని మేం ఈబిట్ అంటాం, ఎలక్ట్రాన్లు ఊడగొట్టేది అదే. చివరికి కొలత ట్రాప్‌లో కొంతసేపు ఉత్తేజపరిచి, బయటికి వదిలి, డిటెక్టర్‌ను చేరడానికి పట్టిన సమయాన్ని చూస్తాం. ఫ్రీక్వెన్సీ సరిగ్గా కుదిరిన అయాన్లు త్వరగా వస్తాయి. గ్రాఫ్‌లో ఆ చోట లోయ కనిపిస్తుంది.

ఉత్తేజం 100 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు 13+ రుబీడియంకు లోయ అందంగా వచ్చేది. ఒక సెకనుకు పెంచితే లోయ పూడిపోయేది, డిటెక్టర్ మీద పడే అయాన్లు తగ్గేవి. రాక సమయాల గ్రాఫ్‌లో ప్రధాన గుంపు వెనక ఇంకో చిన్న గుంపు, ముందు కొన్ని చాలా వేగమైన కౌంట్లు కనిపించేవి. గేజ్ మాత్రం 2×10⁻¹⁰ మిల్లీబార్ చూపిస్తోంది. మన ఎమ్మెస్సీ ల్యాబుల్లో రోటరీ పంపు, డిఫ్యూజన్ పంపులతో పనిచేసి వచ్చినవాళ్లకు ఇది నమ్మలేనంత మంచి వాక్యూమ్. అందుకే మొదటి చర్చల్లో దాని ప్రస్తావన కూడా రాలేదు.

బృందంలో మూడు అనుమానాలు బలంగా ఉన్నాయి. అయస్కాంత క్షేత్రం ఊగుతోందని ఒకటి. ఎలక్ట్రోడ్ల అమరిక కొంచెం వంకరగా ఉందని రెండోది. ఈబిట్ నుంచి అయాన్లు ఎక్కువ శక్తి తేడాలతో వచ్చి ట్రాప్‌లో పెద్ద కక్ష్యల్లో తిరుగుతున్నాయని మూడోది. మూడూ నిజంగా జరిగేవే. వీటిలో దేన్ని సరిచేయడానికి దిగినా నెలలు పడుతుంది. అందుకని ముందుగా మూడింటినీ ఒకేసారి జల్లెడ పట్టే పరీక్ష ఏదైనా ఉందా అని ఆలోచించాం.

ఉంది. ఈబిట్‌లో ఎలక్ట్రాన్ బీమ్ ఆపేసి, అదే రుబీడియంను ఒకే ఆవేశంతో దాని గుండా పంపి, అదే ట్రాప్‌లో అదే ఒక సెకను ఉంచడం. క్షేత్రం ఊగుతుంటే, అమరిక వంకరగా ఉంటే దీనికీ లోయ పూడాలి. పూడలేదు. ఒక సెకనుకూ, అంతకు మించీ చక్కగా నిలిచింది. నిజమే, 1+ అయాన్‌కు క్షేత్రం ఊగితే వచ్చే మార్పు హెర్ట్జుల్లో 13 రెట్లు తక్కువగా కనిపిస్తుంది కాబట్టి క్షేత్రాన్ని పూర్తిగా వదిలేయలేం. అయినా మా దగ్గర ఉన్న క్షేత్రం రికార్డును బట్టి చూస్తే 13+కు కూడా ఆ ఊగు ఒక సెకనులో లోయను పూడ్చేంత లేదు. దీంతో ఆవేశంతో ముడిపడిన కారణాలే మిగిలాయి: ఈబిట్ శక్తి తేడా, లేదా వాయువు.

అయాన్‌నే గేజ్‌గా వాడటం

ఈ రెంటినీ విడదీయడానికి ఉత్తేజం పూర్తిగా ఆపేశాం. అయాన్లను ట్రాప్‌లో ఊరికే ఉంచి, వేర్వేరు సమయాల తర్వాత బయటికి వదిలి, ఏ ఆవేశంతో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టాం. శక్తి తేడా కారణమైతే అయాన్లు తగ్గవచ్చు కానీ కొత్త ఆవేశాలు పుట్టవు. వాయువు కారణమైతే 13+ తగ్గేకొద్దీ 12+ పెరగాలి, అది తగ్గేటప్పుడు 11+ రావాలి. ఒకే వోల్టేజీ మీద వదిలినప్పుడు 12+ అయాన్ 13+ కంటే నాలుగు శాతం ఆలస్యంగా వస్తుంది, ట్రాప్ నుంచి డిటెక్టర్ దాకా మాకున్న దూరానికి ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రధాన గుంపు వెనకున్న ఆ చిన్న గుంపు సరిగ్గా అక్కడే ఉంది. ఎక్కువసేపు ఉంచేకొద్దీ దాని వెనక ఇంకొకటి మొలిచింది.

ఇక్కడ ఒక జాగ్రత్త ముఖ్యం. మొత్తం కౌంట్ ఎంత వేగంగా పడిపోతోందో చూసి జీవితకాలం లెక్కిస్తే తప్పుదారి పడతాం. అయాన్లు ట్రాప్‌లోంచి ఇతర కారణాలతోనూ పోతాయి, డిటెక్టర్ సామర్థ్యం కూడా ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది. అందుకే 13+ కౌంట్‌ను ఆ గొలుసులోని అన్ని ఆవేశాల మొత్తంతో భాగించి ఆ నిష్పత్తినే గీశాం. జీవితకాలం సుమారు 0.7 సెకను వచ్చింది. అంటే ఒక సెకను తర్వాత నాలుగింట ఒక వంతు అయాన్లే 13+గా మిగులుతున్నాయి.

దీన్ని పీడనంగా మార్చడం కష్టం కాదు. నెమ్మదిగా కదిలే అయాన్, హైడ్రోజన్ కలిసినప్పుడు లాంజెవిన్ లెక్క ప్రకారం చర్య రేటు ఆవేశానికి అనులోమంగా ఉంటుంది. 13+కు అది సెకనుకు 2×10⁻⁸ ఘన సెంటీమీటర్లకు దగ్గర. వేగంగా కదిలే అయాన్లకు వాడే ముల్లర్-జాల్స్‌బోర్న్ సూత్రంతో చేసినా మా అయాన్ల శక్తికి అంకె అదే స్థాయిలో వచ్చింది. గేజ్ చూపిన 2×10⁻¹⁰ మిల్లీబార్ నిజమైతే అయాన్ పది సెకన్ల దాకా బతకాలి. అది 0.7 సెకనే బతుకుతోంది. అంటే అయాన్ ఉన్నచోట పీడనం 3×10⁻⁹ మిల్లీబార్ దగ్గర ఉంది, గేజ్ చెప్పినదానికి పది రెట్లకు పైనే.

గేజ్ చెడిపోలేదు. దాన్ని అయస్కాంతానికి దూరంగా, పంపు పక్కన పెట్టక తప్పదు, వాయువును అయాన్లుగా మార్చి పీడనం చూపే ఈ రకం గేజ్ బలమైన క్షేత్రంలో సరిగ్గా పనిచేయదు. పైగా దాని అంకె నైట్రోజన్‌కు సరిచూసినది. వాయువు హైడ్రోజన్ అయితే అసలు పీడనం చూపినదానికి రెండు రెట్లకు మించి ఉంటుంది, హీలియం అయితే ఐదారు రెట్లు. మిగిలిన తేడా గేజ్‌కూ ట్రాప్‌కూ మధ్య ఉన్న ఇరుకు దారి వల్ల వస్తుంది.

ఫలితం రానివి

మొదట చేసింది మళ్లీ బేక్‌అవుట్. మొత్తం ట్యూబును రోజుల తరబడి వేడిచేసి లోపలి గోడల్లోని నీటిని వదిలించడం. అయస్కాంతం లోపల ఉన్న భాగాన్ని ఎక్కువ వేడి చేసే వీలు లేదు, సుమారు 100 డిగ్రీల దగ్గర ఆగాల్సి వచ్చింది. గేజ్ అంకె బాగా తగ్గింది, అందరికీ సంతోషం. అయాన్ జీవితకాలం మాత్రం కొద్దిగానే పెరిగింది. నీరు పోయింది, కానీ స్టీల్ లోపలి నుంచి నిరంతరం వచ్చే హైడ్రోజన్ అలాగే ఉంది. దాన్ని వదిలించాలంటే తయారీ సమయంలోనే స్టీల్‌ను వాక్యూమ్ ఫర్నేస్‌లో చాలా ఎక్కువ వేడి చేసి ఉండాలి.

తర్వాత పెద్ద పంపు పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. లెక్క చేసి చూపిస్తే వినాలనిపించదు కానీ లెక్క చాలా స్పష్టం. ట్రాప్ లోపలికి, బయటికి దారి ఎలక్ట్రోడ్ల మధ్యలో ఉన్న అర సెంటీమీటరు రంధ్రాలే. ఇంత చిన్న రంధ్రం గుండా హైడ్రోజన్ సెకనుకు తొమ్మిది లీటర్లకు మించి పోదు. పంపు 500 లీటర్లదైతే ట్రాప్ దగ్గర దాని అసలు పని 8.8 లీటర్లు. 1000 లీటర్లది పెడితే 8.9 లీటర్లు. సందు ఇరుకుగా ఉంటే వీధి చివర ఎన్ని గేట్లు తెరిచినా జనం బయటపడే వేగం మారదు. పంపు స్పేర్‌లో ఉంది కాబట్టి బిగించి చూశాం. ఒక శాతం తేడాను మా కౌంట్లలో చూడటం సాధ్యం కాదు, కనిపించలేదు కూడా.

అప్పుడు ఒక సీనియర్ సహోద్యోగి ఆవేశం తగ్గించి పని కానిద్దామన్నారు. 8+ తో ఉంటే చార్జ్ ఎక్స్ఛేంజ్ నెమ్మదిస్తుంది, ఒక సెకను ఉంచగలం. నిజమే. కానీ ఈ సూచన మా ఆలోచనను ఇంకో చోటికి తీసుకెళ్లింది, నాకు ఈ కేసు మొత్తంలో అన్నిటికంటే విలువైనది అదే. కొలత కచ్చితత్వం ఆవేశాన్ని, గమనించే సమయాన్ని గుణించిన దాన్ని బట్టి ఉంటుంది. గమనించగల సమయం జీవితకాలాన్ని బట్టి ఉంటుంది. జీవితకాలం ఆవేశానికి, వాయు సాంద్రతకు విలోమం. ఈ మూడింటినీ కలిపితే ఆవేశం కొట్టుకుపోతుంది, మిగిలేది వాయు సాంద్రత ఒక్కటే. అంటే అయాన్‌ను పట్టి ఉంచే సమయాన్ని వాయువు నిర్ణయిస్తున్నంత కాలం 8+ వాడినా, 13+ వాడినా, 20+ వాడినా వచ్చే కచ్చితత్వం ఒకటే. పైగా ఎక్కువ ఆవేశాలు తయారయ్యేటప్పుడు ఈబిట్‌లో అయాన్లు అనేక ఆవేశాల మధ్య పంచుకుపోతాయి కాబట్టి కౌంట్లు తగ్గి నష్టమే. ఎక్కువ ఆవేశం లాభమిచ్చేది రెండు సందర్భాల్లో: అర్ధజీవితమే సమయాన్ని నిర్ణయిస్తున్నప్పుడు, రుబీడియం-74లాగా. లేదా వాయువు ఇక లెక్కలోకి రానంత తక్కువ ఉన్నప్పుడు, పెంటాట్రాప్‌లాగా. మా ప్రయోగం ఎక్కువ కాలం బతికే ఐసోటోపుల మీద. అందుకని ఆవేశం తగ్గించడం సమస్యను దాచడమే అవుతుందని, వాయువు సంగతి తేల్చుకోక తప్పదని నిర్ణయించుకున్నాం.

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయంగానే వచ్చింది. గణాంకాల ప్రకారం గమనించే సమయం జీవితకాలానికి రెండింతలు ఉన్నప్పుడు కచ్చితత్వం గరిష్ఠం. మరి 0.7 సెకను జీవితకాలంతో 1.4 సెకన్లు ఎందుకు ఉంచకూడదు? అప్పటికి 86 శాతం అయాన్లు మారిపోయి ఉంటాయి. మారినవి బయటికి పోకుండా కొలవాలనుకున్న అయాన్ పక్కనే తిరుగుతుంటాయి. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న హైడ్రోజన్ అణువు కూడా అక్కడే అయాన్‌గా మిగులుతుంది. గ్రాఫ్‌లో ముందుగా వచ్చిన ఆ వేగమైన కౌంట్లు ఇవే. ఇవన్నీ తమ విద్యుత్ క్షేత్రంతో ఫ్రీక్వెన్సీని కొద్దిగా జరుపుతాయి. డిటెక్టర్ ప్రతి అయాన్‌నూ చూడలేదు కాబట్టి, ఒకే అయాన్ కనిపించిన షాట్‌లో కూడా పక్కన కనిపించనివి ఉండి ఉండవచ్చు. కౌంట్ల సంఖ్యను బట్టి ఒకే అయాన్ స్థితికి వెనక్కి లెక్కగట్టే మామూలు పద్ధతి ఇక్కడ నమ్మదగ్గది కాదు. చెత్త కౌంట్లు ఎక్కువయ్యే కొద్దీ దోష రేఖలు చిన్నవవుతాయి, విలువ మాత్రం పక్కకు జరుగుతుంది. నాకు టెన్షన్ పెట్టేది ఇలాంటి కొలతే.

పనిచేసినవి

పంపును దగ్గరికి తీసుకురాలేనప్పుడు పంపు చేసే గోడనే ట్రాప్ దగ్గర పెట్టాలి. జిర్కోనియం మిశ్రమాలతో చేసే గెటర్ పట్టీలు అలాంటివి, ఒకసారి వేడి చేసి ఉపరితలాన్ని తాజా చేస్తే హైడ్రోజన్, నీరు, కార్బన్ మోనాక్సైడ్‌లను పట్టుకుంటాయి. సెర్న్‌లో లెప్ యాక్సిలరేటర్ రింగులో కిలోమీటర్ల కొద్దీ ఇవే ఉండేవి. మా సందేహాలు రెండు. మిశ్రమంలో కొంత ఇనుము ఉంటుంది, ట్రాప్ మధ్యలో క్షేత్రం సమానతను అది పాడుచేయవచ్చు. అందుకే పట్టీలను ట్రాప్ కేంద్రానికి దూరంగా, రెండు వైపులా సమానంగా అమర్చాం. రెండోది, పట్టీని వేడి చేసే కరెంటుకు అయస్కాంత క్షేత్రంలో బలం తగులుతుంది. పట్టీలు క్షేత్ర దిశకు సమాంతరంగా ఉంటే ఆ బలం ఉండదు. అడ్డంగా వచ్చే చిన్న వైర్లను గట్టిగా బిగించాం.

జీవితకాలం మూడు సెకన్ల దాకా పెరిగింది. గ్రాఫ్‌లో హైడ్రోజన్ అయాన్లు దాదాపు మాయమయ్యాయి. ఇంకా మంచి వస్తుందని ఆశించాం, కానీ పట్టీలను మళ్లీ వేడి చేసినా అక్కడే ఆగింది. ఆ గ్రాఫ్‌నే మళ్లీ జాగ్రత్తగా చూశాం. హైడ్రోజన్ పోయిన తర్వాత, అంతకుముందు దాని పక్కన మరుగునపడిన ఇంకో శిఖరం తేలింది. ద్రవ్యరాశిని ఆవేశంతో భాగిస్తే 4 దగ్గర, అంటే హీలియం. గెటర్లు జడవాయువులను పట్టవు. కూలర్‌లో వాడే హీలియం బీమ్ దారి వెంట ట్రాప్ దాకా వచ్చేస్తోంది.

నిర్ధారణకు కూలర్‌కు హీలియం ఆపి చూడాలి, కానీ అది ఆపితే రుబీడియం రాదు. అందుకని ఈబిట్‌లోకే నేరుగా కొంచెం ఆర్గాన్ వదిలి ఆర్గాన్ అయాన్లు తయారుచేశాం. 10+ వాడితే దాని ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తి దాదాపు 4 అయి హీలియం అయాన్‌తో కలిసిపోతుంది, 11+ ఎంచుకున్నాం. కూలర్ వాల్వ్ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి జీవితకాలం కొలిస్తే తేడా ఏ వాదనకూ చోటివ్వలేదు. హీలియం ఎలక్ట్రాన్‌ను 24.6 ఎలక్ట్రాన్‌వోల్టులతో పట్టుకుంటుంది కాబట్టి ఒక్కో పరమాణువు హైడ్రోజన్ అణువుకంటే తక్కువ హాని చేస్తుంది. అయినా మూడు సెకన్లకే ఆగాలంటే హీలియం ఎంత ఉండాలో మీరే ఊహించండి.

పరిష్కారం పెద్దదేమీ కాదు. కూలర్‌కూ ఈబిట్‌కూ మధ్య సన్నని, పొడవాటి ట్యూబు, దానికి రెండు వైపులా విడి విడి టర్బో పంపులు. హీలియం ప్రవాహాన్ని అయాన్లు చల్లబడటానికి చాలినంతకే తగ్గించాం. జీవితకాలం పది సెకన్ల దగ్గరికి వచ్చింది. ఒక సెకను ఉత్తేజానికి 13+ అయాన్లలో తొంభై శాతం మిగిలాయి, లోయ తిరిగి వచ్చింది. తెలిసిన ద్రవ్యరాశి ఉన్న అయాన్‌తో సరిచూస్తే గమనించే సమయం మార్చినా విలువ కదల్లేదు.

తర్వాత అక్కడ మారినవి

ఇప్పుడు ప్రతి బీమ్ టైమ్‌కు, అంటే కొలతకు కేటాయించిన సమయానికి, ముందు ఆవేశం తగ్గుదల వక్రం తీస్తారు. గేజ్ అంకె లాగ్‌బుక్‌లో ఉంటుంది కానీ, నిర్ణయం తీసుకునేది వక్రాన్ని చూసే. రాక సమయాల గ్రాఫ్‌లో తేలిక అయాన్ల భాగాన్ని కత్తిరించి పడేయకుండా దాచుతారు, ట్రాప్‌లో ఏ వాయువు ఉందో చెప్పేది అదే. ఏ ఆవేశం వాడాలన్న చర్చ కూడా ఆ వక్రం వచ్చాకే మొదలవుతుంది.

ట్రాప్‌ను చల్లబరిచే ఆలోచన కూడా మొదలైంది. సెర్న్‌లోని బేస్ బృందం చల్లని, మూసి ఉన్న ట్రాప్‌లో యాంటీప్రోటాన్లను 405 రోజులు ఉంచగలిగింది, అయాన్ల విషయంలోనూ దారి అటువైపే. కానీ మా ట్రాప్ ఒకవైపు బీమ్ కోసం తెరిచి ఉంటుంది. అందుకే ఉష్ణోగ్రత ఎంపిక మీదే వాదన ఎక్కువ జరిగింది. 30 కెల్విన్ గోడ నీటిని పట్టేస్తుంది. హైడ్రోజన్ మామూలు ఒత్తిడిలో 20 కెల్విన్ దగ్గరే మరుగుతుంది, అంతకంటే వెచ్చని గోడ మీద అది నిలవదు. 4 కెల్విన్ దగ్గర యాక్టివేటెడ్ చార్‌కోల్ పెడితే హైడ్రోజన్‌తో పాటు హీలియం కూడా కొంతవరకు పట్టుబడుతుంది, కానీ చార్‌కోల్ నిండిపోతే అదే హీలియంను తిరిగి వదులుతుంది. కూలర్ వైపు సన్నని ట్యూబు, దాని పంపులు చల్లని ట్రాప్‌కూ అలాగే ఉండాలన్నది నా పట్టు. డిజైన్‌లో వాటికి చోటు ఉంచారు. చల్లబరచడానికి ముందొకసారి, తర్వాతొకసారి, కూలర్ వాల్వ్ తెరిచీ మూసీ ఆర్గాన్ 11+తో వక్రం తీయాలన్నది పరీక్షల పట్టికలో మొదటి వరుస.